పాత రూపాయి బిళ్ళల గ్రేడింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

"తాతయ్య పెట్టెలో విక్టోరియా రూపాయి దొరికింది, ఎంత పలుకుతుంది?" అని అడిగేవాళ్ళని నేను ముందుగా అడిగేది ఒకటే: "ఇప్పటిదాకా దాన్ని ఎవరైనా తోమారా?" ఏ సంవత్సరం, ఏ టంకశాల అన్నవి ఆ తర్వాత. నాణెం ఎలా ఉందో చూడటం, ఆ స్థితికి గ్రేడ్ వేయడం గురించి నన్ను తరచూ అడిగే ప్రశ్నలకి ఇక్కడ జవాబులు రాశాను. ఉదాహరణలు ఎక్కువగా బ్రిటిష్ ఇండియా వెండి రూపాయిలవే. మన ఇళ్ళలో ఎక్కువగా మిగిలినవి అవే కాబట్టి.

గ్రేడ్ అంటే అసలేమిటి? నాణెం పాతదైతే చాలదా?

చాలదు. విక్టోరియా రూపాయిలు, ఐదో జార్జి రూపాయిలు కోట్లల్లో అచ్చయ్యాయి. మామూలు సంవత్సరం బిళ్ళ, అందులోనూ బాగా అరిగినది, దాదాపు వెండి ధరకే పోతుంది. అదే సంవత్సరం బిళ్ళ నిన్ననే టంకశాల నుంచి వచ్చినట్టు ఉంటే దాని లెక్కే వేరు. అచ్చు కింద నుంచి బయటపడిన రోజున నాణెం ఎలా ఉందో, ఇవాళ ఎలా ఉందో, ఆ తేడాకి వేసే కొలతే గ్రేడ్. అరుదు సంగతి వేరు. ఆరో జార్జి 1939 రూపాయి లాంటిది అరిగినా అడిగేవాళ్ళుంటారు. అయితే అక్కడ కూడా బాగున్న బిళ్ళకీ అరిగిన బిళ్ళకీ ధరలో చాలా దూరం ఉంటుంది.

డీలర్లు ఫైన్, వీఎఫ్, ఎక్స్‌ఎఫ్, యూఎన్‌సీ అంటుంటారు. అవేమిటి?

ఇవి మనకి బ్రిటిష్ వాళ్ళ పద్ధతి నుంచి వచ్చిన మాటలు. ఫైన్ అంటే వాడుక భాషలో "బాగుంది" అనుకునేరు, ఇక్కడ అలా కాదు. ఫైన్ బిళ్ళ బాగా అరిగినదే. బొమ్మ, అక్షరాలు తెలుస్తాయి, లోపలి పనితనం చాలావరకు పోయి ఉంటుంది. కొత్తగా ఈ అభిరుచిలోకి వచ్చినవాళ్ళు మొదట మోసపోయేది ఈ మాట దగ్గరే.

వీఎఫ్, అంటే వెరీ ఫైన్, కొంతకాలం చేతులు మారిన నాణెం. ముఖ్యమైన గీతలు నిలబడి ఉంటాయి. ఎక్స్‌ఎఫ్, దీన్నే ఈఎఫ్ అని కూడా రాస్తారు, ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్. ఎత్తైన చోట్ల మాత్రమే కాస్త అరుగుదల. ఏయూ దాదాపు వాడనిది, ఎక్కడో ఒకటి రెండు చోట్ల చేతి రాపిడి తగిలినది. యూఎన్‌సీ అసలు చలామణీలోకి వెళ్ళనిది. ఫైన్ కంటే కిందవి వెరీ గుడ్, గుడ్, ఫెయిర్. గుడ్ అని రాసి ఉందంటే అది నిజానికి బొమ్మ అంచు మాత్రమే మిగిలిన నాణెం.

ప్రూఫ్ అనే మాట కూడా వింటుంటారు. అది గ్రేడ్ కాదు, తయారుచేసే పద్ధతి. మెరుగుపెట్టిన అచ్చులతో, ప్రత్యేకంగా సిద్ధం చేసిన బిళ్ళల మీద కొట్టిన నాణెం. ప్రూఫ్ నాణేన్ని జేబులో వేసుకు తిరిగితే అది అరిగిన ప్రూఫ్ అవుతుంది, అంతే.

70 అంకెల స్కేల్ ఎక్కడిది? 70 ఏమిటి, 100 ఎందుకు కాదు?

ఇది అమెరికాది. 1949లో విలియం షెల్డన్ అనే ఆయన అమెరికా తొలినాటి పెద్ద రాగి సెంట్ల మీద రాసిన పుస్తకంలో ఈ లెక్క ఇచ్చాడు. బాగా అరిగి, ఏ నాణెమో గుర్తుపట్టడమే కష్టమైనదానికి 1. లోపమే లేనిదానికి 70. ఆ రోజుల్లో ఆ సెంట్లలో అత్యుత్తమమైనది అట్టడుగుదానికి 70 రెట్లు పలుకుతుందన్న అంచనా మీద ఆ అంకె వచ్చింది. అంటే అది మొదట ధరల లెక్క. ఆ ధరల సంబంధం ఎప్పుడో చెదిరిపోయింది గానీ అంకెలు మాత్రం నిలిచిపోయాయి.

ఇప్పుడు గ్రేడింగ్ సంస్థలు చాలా దేశాల నాణేలని ఈ స్కేల్ మీదే తూస్తున్నాయి. ఫైన్ 12 దగ్గర మొదలవుతుంది, వీఎఫ్ 20 నుంచి 35, ఎక్స్‌ఎఫ్ 40, 45, ఏయూ 50 నుంచి 58. 60 నుంచి 70 దాకా ఎంఎస్, అంటే మింట్ స్టేట్, మన యూఎన్‌సీ. ఎంఎస్ 70 రావాలంటే ఐదు రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దంలో కూడా టంకశాల దాటాక పడ్డ లోపం ఏదీ కనిపించకూడదు. పాత వెండి రూపాయిలకి ఆ అంకె గురించి ఆలోచించకండి. అవి గోనె సంచుల్లో ఒకదాని మీద ఒకటి పడి ప్రయాణం చేసినవి.

నా దగ్గరున్న రూపాయి ఏ గ్రేడో నేనే చూసుకోవాలంటే ఎలా?

ముందు దీపం సరిచేసుకోండి. ట్యూబ్‌లైట్ వెలుతురు గదంతా పరుచుకుంటుంది, దాని కింద గీతలు దాక్కుంటాయి. ఒకే బల్బున్న టేబుల్ ల్యాంప్ పెట్టుకుని, మెత్తని గుడ్డ పరుచుకుని, నాణేన్ని అంచులు పట్టుకుని దీపం కింద మెల్లగా అటూ ఇటూ వంచుతూ చూడండి. భూతద్దం ఐదు రెట్లదైతే మొదట్లో చాలు. పది రెట్లది పట్టుకుంటే ప్రతి చుక్కా గొయ్యిలా కనిపించి టెన్షన్ పెడుతుంది.

నాణెం అరిగేది ఎత్తైన చోట. కాబట్టి ఏ బొమ్మలో ఏ చోటు ఎత్తో తెలిస్తే సగం పని అయినట్టే. విక్టోరియా రూపాయి తీసుకోండి. చెవి పైన జుట్టు పాయలు, చెక్కిలి, కిరీటం, రవిక మీది పూలపని, ఈ నాలుగూ చూడాలి. పాయలన్నీ కలిసి ఒక్క ముద్దలా, రవిక దాదాపు నున్నగా ఉంటే ఫైన్. జుట్టులో పెద్ద పాయలు విడివిడిగా, రవిక మీద సగం పని తెలుస్తుంటే వీఎఫ్. చెవి పైన, రవికలో ఎత్తైన పువ్వు దగ్గర మాత్రమే కాస్త చదునై, మిగతా పనంతా నిక్కచ్చిగా ఉంటే ఎక్స్‌ఎఫ్.

ఎడ్వర్డ్ రూపాయి మీద రాజుకి కిరీటం లేదు. చెవి, చెవి పైన వెంట్రుకలు, గడ్డం చూడండి. ఆ బోడి తల వల్ల ఈ బిళ్ళలు తొందరగా అరిగినట్టు కనిపిస్తాయి. వెంటనే తక్కువ గ్రేడ్ వేసేయకుండా వెనక్కి తిప్పి తామర కాడలు కూడా చూసి నిర్ణయించండి.

ఐదో జార్జి రూపాయి మీద రాజు వేసుకున్న దుస్తుల మీది గొలుసులో ఒక బుల్లి ఏనుగు ఉంటుంది. 1911లో ఆ ఏనుగు తొండం పొట్టిగా పడి పందిలా ఉందని గొడవ లేస్తే బొమ్మ మార్చి 1912 నుంచి కొత్తగా కొట్టారు. అందుకే 1911 బిళ్ళని "పిగ్ రూపాయి" అంటారు. గ్రేడ్ చూసేవాళ్ళకి ఆ ఏనుగు పెద్ద సాయం. దాని కాళ్ళు, తొండం విడిగా కనిపిస్తూ, రాజు కనుబొమ, చెవి తమ్మె అరగకుండా ఉంటే మీ చేతిలో మంచి బిళ్ళే ఉంది. ఏనుగు ఒక బొడిపెగా మారితే వీఎఫ్ దాటదు.

రెండు వైపులా చూసి, తక్కువగా ఉన్న వైపుకే గ్రేడ్ వేసుకోండి. మన బిళ్ళ అనగానే ఒక మెట్టు పైకి వేయాలనిపిస్తుంది, అందరికీ ఉండేదే. పేరున్న వేలాల కేటలాగులో గ్రేడ్ వేసిన అదే రకం బిళ్ళ ఫోటో పక్కన పెట్టుకుంటే చూపు దారిలోకి వస్తుంది.

అరుగుదలే లేకపోతే అన్నీ ఒకటే కదా! ఎంఎస్ 61కీ 65కీ తేడా ఏమిటి?

అక్కడి నుంచి చూసేది మెరుపు, సంచి దెబ్బలు, అచ్చు పడిన తీరు. టంకశాలలో అచ్చు బలంగా దిగినప్పుడు లోహం మధ్య నుంచి అంచుల వైపు పారుతుంది. ఆ పారిన జాడలు కంటికి కనపడనంత సన్నని గీతలుగా పైపొరలో ఉండిపోతాయి. దీపం కింద నాణేన్ని తిప్పితే బండిచక్రం ఆకుల్లా వెలుగు పట్టీలు గుండ్రంగా తిరిగేది వాటివల్లే. ఒకసారి ఆ చక్రం తిరగడం చూసినవాళ్ళు మెరుగుపెట్టిన బిళ్ళ చూసి ఇంకెప్పుడూ మోసపోరు.

చక్రం తిరుగుతూ, చెక్కిలి మీద, ఖాళీ చోట్ల పెద్ద దెబ్బలు లేకపోతే 64, 65. అరుగుదల లేకపోయినా మొహం నిండా గాట్లుంటే 60, 61. అందుకే కొన్నిసార్లు ఏయూ 58 బిళ్ళ ఎంఎస్ 61 కంటే కళగా ఉంటుంది. ఆ రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే నేను 58నే తీసుకుంటాను.

చింతపండుతో తోమితే తళతళలాడుతుంది కదా, తోమకూడదా?

దయచేసి తోమకండి. ఈ పేజీ రాయడానికి అసలు కారణం ఈ ప్రశ్నే.

దీపావళి లక్ష్మీపూజకి మా ఇంట్లో పీట మీద పదకొండు రూపాయి బిళ్ళలు పెట్టేవాళ్ళం. అన్నీ ఐదో జార్జివే. ఒక ఏడాది పండగ ముందు ఇత్తడి సామానుతో పాటు వాటినీ చింతపండు, ముగ్గుపిండి వేసి తోమేశాం. నేనూ తోమాను. పది బిళ్ళలే తేలాయి. పదకొండోది పూజ పెట్టె అడుగు చెక్క సందులో ఇరుక్కుపోయి ఉందని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

ఇప్పుడు ఆ పదకొండూ నా దగ్గరే ఉన్నాయి. తప్పించుకున్నది బూడిదరంగులో ఉంటుంది, అంచు చుట్టూ లేత బంగారు, నీలి ఛాయ. దీపం కింద పెడితే ఆ బూడిదరంగు కిందనే వెలుగు చక్రం తిరుగుతుంది. మిగతా పదీ తెల్లగా ఉంటాయి, ఎటు వంచినా ఒకేలా, వెలుగు కదలదు. భూతద్దంలో చూస్తే రాజు చెక్కిలి మీద ఒకే వైపుకి వాలిన సన్నని గీతలు, ముగ్గుపిండి గీసినవి. ఏనుగు కాళ్ళ సందుల్లో, అక్షరాల మూలల్లో మాత్రం పాత నలుపు అలాగే ఉంది. అక్కడికి వేలు చేరలేదు. తోమిన బిళ్ళని గుర్తుపట్టడానికి ఇంతకంటే మంచి పాఠం నాకెక్కడా దొరకలేదు.

చింతపండులోని పులుపు నల్లదనాన్ని కరిగిస్తుంది, పొడి ఆ కింది పైపొరని గీకేస్తుంది. లోహం పారిన జాడలు అందులోనే ఉంటాయి కాబట్టి అవీ పోతాయి, మళ్ళీ రావు. టూత్‌పేస్ట్, విబూది, వెండి సామాను పాలిష్, నిమ్మకాయ, సోడా, వేటితో తోమినా జరిగేది ఇదే. గ్రేడింగ్ సంస్థకి పంపితే ఇలాంటి నాణేనికి అంకె వేయరు. "ఎక్స్‌ఎఫ్ డీటెయిల్స్, క్లీన్డ్" అని రాసి పంపుతారు. అంటే బొమ్మ ఎక్స్‌ఎఫ్ అంత బాగుంది, పైపొర పోయింది అని.

మరి పసుపు కుంకుమలు, జిడ్డు అంటుకుని ఉంటే?

రుద్దకుండా పోయేవి పోనివ్వొచ్చు. మెడికల్ షాపులోనో బ్యాటరీ కొట్లోనో దొరికే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, నీళ్ళు మార్చి, మెత్తని గుడ్డ మీద పెట్టి అద్దండి. తుడవకండి. జిడ్డు, టేపు జిగురు అయితే స్వచ్ఛమైన అసిటోన్ పనికొస్తుంది. అది లోహం జోలికి పోదు. నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ఇతరాలు కలిసి ఉంటాయి, అది వద్దు. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, పొయ్యి దగ్గర పెట్టుకోకండి, కిటికీ తెరవండి. కుంకుమ మరక కొంచెం మిగిలిందా, మిగలనివ్వండి.

వెండి నల్లబడితే గ్రేడ్ తగ్గుతుందా?

మామూలుగా తగ్గదు. గాలిలోని గంధకం తగిలి వెండి మీద సన్నని పొర ఏర్పడుతుంది, దాన్నే టోనింగ్ అంటారు. పలచగా, రంగులు తేలుతూ ఉంటే కొందరు ఎక్కువిచ్చి కొంటారు. దట్టంగా నల్లబడి పైపొరని తినేస్తే మాత్రం గ్రేడ్ పడిపోతుంది. ఎక్కువ రంగులు కావాలని వేడిచేసి, రసాయనాలు పట్టించి అమ్మేవాళ్ళూ ఉన్నారు. ఆ రంగులు అక్షరాలు, బొమ్మ అని చూడకుండా నీళ్ళ మీద నూనెలా అన్నిటి మీదా ఒకేలా తేలుతుంటే అనుమానించండి.

గొలుసులోంచి, వడ్డాణంలోంచి తీసిన బిళ్ళలకి గ్రేడ్ ఉంటుందా?

బొమ్మకి ఉంటుంది, నాణేనికి డీటెయిల్స్ అనే పడుతుంది. లంబాడీ నగల్లో, పల్లెటూరి హారాల్లో ఈ రూపాయిలు ఎన్నో ఉన్నాయి. కొక్కెం అతికిన చోట టంకం మచ్చ, అంచు గీతలు అరిగిన ముక్క, పూడ్చిన చిల్లు, ఇవి ఎంత నున్నగా చేసినా దొరికిపోతాయి. బిళ్ళని చేతిలో తిప్పుతూ అంచంతా ఒక చుట్టు చూడండి, ముఖ్యంగా రాజు తల పైన. అయితే నగ నగలాగే ఉంటే దాన్ని విప్పకండి. బిళ్ళలుగా మారితే వచ్చే దానికంటే ఆ నగ విలువైనది.

హైదరాబాద్ చార్మినార్ రూపాయికీ ఇదే లెక్కా?

యంత్రం మీద కొట్టినవాటికి ఇదే. నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, హిజ్రీ 1321 నుంచి, చార్మినార్ బొమ్మతో యంత్రపు రూపాయిలు వచ్చాయి. హాలీ సిక్కా, అంటే ఈ నిజాం రూపాయి, బరువు 11.178 గ్రాములు, బ్రిటిష్ రూపాయి కంటే తక్కువ. ద్వారంలో మహబూబ్ పేరుకి మీమ్ అక్షరం, ఉస్మాన్ అలీ ఖాన్ పేరుకి ఐన్ అక్షరం ఉంటాయి. గ్రేడ్‌కి కూడా మొదట ఆ ద్వారంలోకే చూస్తాను. అక్షరం తేటగా ఉందా, మినార్ల మీది సన్నని పని నిలిచిందా అని.

అంతకు ముందు సుత్తితో కొట్టిన ఆసఫ్‌జాహీ రూపాయిలకి, మొఘల్ రూపాయిలకి, విజయనగర వరహాలకి ఈ కళ్ళతో చూస్తే అన్యాయం చేసినట్టే. అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది, అక్షరాల్లో సగం బయటే పడిపోతాయి. అది అరుగుదల కాదు. శరాఫులు, అంటే నాణేలు మార్చే వ్యాపారులు, వెండి పరీక్షించి కొట్టిన చిన్న ముద్రలు కూడా ఆ నాణేల జీవితంలో భాగమే. వీటికి అరుగుదలతో పాటు అచ్చు ఎంత బాగా పడింది, పైపొర ఎలా ఉంది అన్నవి విడిగా చూడాలి. ప్రాచీన నాణేలకి ఎన్‌జీసీ అనే అమెరికా గ్రేడింగ్ సంస్థ ఆ రెండిటికీ ఐదేసి మార్కులు వేరుగా ఇస్తుంది, నాకు ఆ పద్ధతే సరైనదనిపిస్తుంది. కోటిలింగాల వైపు దొరికే శాతవాహన సీసపు నాణేలైతే మరీ సున్నితం, సీసం తెల్లటి పొడిగా రాలిపోతుంది.

అన్నట్టు, మట్టిలో నాణేలు దొరికితే గ్రేడ్ సంగతి తర్వాత. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి ఏది దొరికినా కలెక్టర్‌కి తెలియజేయాలి.

రాగి, అల్యూమినియం నాణేల సంగతి?

రాగికి రంగు కూడా లెక్కే. కొత్త ఎరుపు, ఎరుపు గోధుమ కలిసినది, పూర్తి గోధుమ అని మూడు రకాలు రాస్తారు, ఎరుపు నిలిచినదానికి గిరాకీ ఎక్కువ. 1943 నుంచి వచ్చిన చిల్లు కాణీ ఎర్రగా దొరికితే దాచుకోండి. అల్యూమినియం పైసలు అరగడం కంటే మచ్చలు పడి, పొడిబారి పాడవుతాయి.

గ్రేడింగ్ సంస్థకి పంపి స్లాబ్ చేయించాలా?

అన్నిటికీ అక్కర్లేదు. స్లాబ్ అంటే నాణేన్ని పరీక్షించి, గ్రేడ్ రాసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో మూసివేయడం. అమెరికాలో పీసీజీఎస్ 1986లో, ఎన్‌జీసీ 1987లో మొదలయ్యాయి. ఫీజు, రవాణా, ఇన్సూరెన్స్ కలిపితే మామూలు వీఎఫ్ రూపాయి ధర దాటిపోవచ్చు. అరుదైన సంవత్సరమో, నిజంగా ఎంఎస్ అనిపించే బిళ్ళో, దొంగ నాణేలు ఎక్కువగా తిరిగే రకమో అయితే అప్పుడు ఆలోచించండి.

ఇక్కడ ఒక చట్టం ఉంది, చాలామంది పట్టించుకోరు. 1972 నాటి పురావస్తువుల చట్టం కింద వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువు. దాన్ని వ్యక్తులు దేశం దాటించడం నేరం. అమెరికాలో ఉన్న పిల్లలకి తాతగారి బిళ్ళలు సూట్‌కేసులో పంపడం కూడా ఇందులోకే వస్తుంది. డల్లాస్‌లో ఉన్న మనవడికి ఫోటో పంపండి, బిళ్ళ ఇంట్లోనే ఉంచండి.

గ్రేడ్ బాగుంటే అసలుదేనా?

కాదు, ముందు అసలుదా కాదా తేల్చుకుని ఆ తర్వాతే గ్రేడ్. బ్రిటిష్ రూపాయి 11.66 గ్రాములు. మన పాత తులం బరువు ఇదే. నగల కొట్లో తూకం వేయించండి. అరిగిన బిళ్ళ కొంచెం తగ్గుతుంది. అరుగుదల లేకుండా కనిపిస్తూ పది గ్రాములే తూగితే అది దొంగదే. వెండి రూపాయి అయస్కాంతానికి అంటుకున్నా అంతే. 1940 నుంచి రూపాయిలో వెండి సగానికి తగ్గించారు కాబట్టి ఆ బిళ్ళల రంగు, మోత వేరుగా ఉంటే కంగారు పడకండి. పోతపోసిన దొంగ నాణెం మీద భూతద్దంలో సన్నని బుడగల గుంటలు, మెత్తబడ్డ అక్షరాలు కనిపిస్తాయి.

ఒకవైపు రాముడి పట్టాభిషేకమో హనుమంతుడో, మరోవైపు ఈస్ట్ ఇండియా కంపెనీ, 1616, 1717, 1818 అని ఉన్న బిళ్ళలు చూపించి గ్రేడ్ అడుగుతారు. కంపెనీ అలాంటి నాణేలు ఎప్పుడూ కొట్టలేదు. భక్తితో పూజలో పెట్టుకోండి, లక్షలు ఇస్తానన్నా, లక్షలు ఇమ్మన్నా నమ్మకండి.

"మీ పాత నాణేనికి లక్షలు, ముందు ఫీజు కట్టండి" అని ఫోన్ వచ్చింది. కట్టమంటారా?

ఒక్క రూపాయి కూడా కట్టకండి. రిజర్వ్ బ్యాంక్ పేరు వాడుకుని పాత నాణేలకి ఛార్జీలు, కమీషన్లు అడుగుతున్నారని, తమకి అలాంటి వ్యవహారం ఏదీ లేదని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. నిజంగా కొనేవాళ్ళు ముందు నాణెం రెండు వైపులా ఫోటోలు అడుగుతారు, బరువు అడుగుతారు, డబ్బు వాళ్ళిస్తారు.

ఇద్దరు డీలర్లు ఒకే బిళ్ళకి రెండు గ్రేడ్లు చెప్పారు. ఎవరిని నమ్మాలి?

ఒక మెట్టు తేడా అయితే ఇద్దరినీ నమ్మొచ్చు. ఇది మనిషి కంటితో చేసే పని. రెండు మూడు మెట్లు తేడా ఉంటే ఎందుకో చూపించమని అడగండి. ఎక్కడ అరిగిందో వేలు పెట్టి చూపించగలిగిన వాళ్ళ మాట పట్టుకోండి. కొనేటప్పుడు ఎక్స్‌ఎఫ్ అని, అదే బిళ్ళ అమ్మబోతే ఫైన్ అన్న చోటికి మాత్రం మళ్ళీ వెళ్ళకండి. నాకు అలా జరిగింది, నేను వెళ్ళలేదు.

ఇప్పుడున్న స్థితిలోనే నిలబడాలంటే ఎలా దాచాలి?

మైలార్ ఫ్లిప్పుల్లో, అంటే మైలార్ అనే ప్లాస్టిక్‌తో చేసిన చిన్న కవర్లలో, లేదా పీవీసీ కాదని రాసి ఉన్న హోల్డర్లలో, ఒక్కోటి విడిగా పెట్టండి. మెత్తగా, వాసన వచ్చే పాత ప్లాస్టిక్ ఆల్బమ్‌లు కొన్నేళ్ళకి నాణెం మీద ఆకుపచ్చ జిగురు వదులుతాయి. రబ్బరు బ్యాండ్లు, న్యూస్‌పేపర్ పొట్లాలు, చెక్కపెట్టెలు వెండిని నల్లబరుస్తాయి. కోస్తాలో ఉండేవాళ్ళు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, వానాకాలం ముందు మార్చండి. పండక్కి పూజలో పెట్టాలనుకుంటే హోల్డర్‌తో సహా పెట్టండి, కుంకుమ బొట్టు ప్లాస్టిక్ మీదే పెట్టండి. మా పదకొండో బిళ్ళకి ఇప్పుడు అలాగే చేస్తున్నాం.